గది దాటని మనిషి

మా అక్క గొంతు ఈ ఊళ్లో అందరికీ తెలుసు. మనిషి మాత్రం ఎవరికీ తెలియదు. బస్ స్టేషన్‌లో విచారణ కౌంటర్ వెనక అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం తన ఉద్యోగం. వినేవాళ్లు ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన గొంతు అనుకుంటారు. అంత తీరుబడిగా, అంత నున్నగా ఉంటుంది. బావ తడి తువ్వాలు మంచం మీద పడేసినప్పుడు వచ్చి వినాలి ఆ గొంతుని. నునుపంతా ఎటు పోతుందో!

వెన్నులో గడ్డకి ఆపరేషన్ జరిగిన దగ్గర్నుంచీ అక్క చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది. నడుము కింద కాళ్లు మాట వినవు. కానీ ఆకలి, దాహం, బాత్రూమ్‌కి వెళ్లాలనే కబురు, అన్నీ మామూలుగానే తెలుస్తాయి. ఇది ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే కుర్చీలో ఉన్న మనిషిని చూడగానే మెడ కింద ఇంకేమీ లేదన్నట్టు మాట్లాడేవాళ్లని చాలామందిని చూశాను.

నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. నా సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నా నోటికి కూడా అలాంటిదొకటి పెట్టించుకోమని బావ అంటూంటాడు.

ఆ రోజు ఒక రిటైర్డు మాస్టారికి బస్ స్టేషన్ వెనక రోడ్డులో రివర్సు నేర్పిస్తున్నాను. కారు అద్దాలు దించి ఉన్నాయి. ప్రహరీ గోడ అవతలి నుంచి అక్క గొంతు వినిపిస్తోంది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీద..." అంది. ఆగింది. "నాలుగో నంబరు..." అని మళ్లీ మొదలుపెట్టింది. ఆ తర్వాత మైకు దేనికో గట్టిగా కొట్టుకున్న చప్పుడు. కాసేపటికి ఎవరిదో మగ గొంతు, "అమ్మా! అమ్మా! ఎవరైనా రండయ్యా ఇటు!" అని మైకులోనే, ఊరంతటికీ వినపడేలా.

నేను బ్రేకు నొక్కిన నొక్కుకి మాస్టారి తల వెళ్లి సీటుకి కొట్టుకుంది. "ఏమైందమ్మా, నేనేం చేశాను?" అంటున్నారు పాపం. బండి నడపడం రాని మనిషి చేతిలో బండి వదిలేసి, గేటు దాకా పరుగు తీశాను.

ఆసుపత్రిలో అక్కకి సెలైను ఎక్కుతుంటే డాక్టరమ్మ పరీక్షల కాగితాలు చూసి, "రోజుకి నీళ్లెన్ని తాగుతారండీ?" అని అడిగింది.

అక్క సీలింగు వైపు చూస్తూ, "పొద్దున మాత్ర వేసుకుంటాను కదండీ," అంది.

"మాత్రతో తాగేవి సరే. అవి కాక?"

"అవేనండీ."

పొద్దస్తమానం మైకులో మాట్లాడే మనిషి! బావ మొహంలో నెత్తుటి చుక్క లేదు. బావ ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాలు కత్తిరించే మెషిన్ మీద పనిచేస్తాడు. రోజూ తను పనికి వెళ్లే ముందు అక్కకి నీళ్ల సీసా నింపి కుర్చీ పక్క సంచిలో పెట్టేది ఆయనే.

"సాయంత్రానికి సీసా ఖాళీగా వచ్చేది కదే!" అన్నాడు.

"కౌంటర్ దగ్గర కుండీలో మొక్కలున్నాయిగా. వాటికి పోసేదాన్ని."

ఎందుకలా చేశావని అరిచాను. ఆసుపత్రి అని కూడా చూడలేదు.

అక్క చెప్పింది. సీలింగుకే చెప్పింది, మా ఇద్దరి మొహాలూ చూడలేదు. బస్ స్టేషన్ బాత్రూమ్ గుమ్మంలోకి కుర్చీ దూరుతుంది గానీ పక్కకి తిరగదు. కుర్చీలోంచి కమోడ్ మీదికి మారాలంటే ఎవరో ఒకరు చంకల కింద చేతులు వేసి ఎత్తాలి. ఇంట్లో బావ ఎత్తుతాడు. అక్కడ మొదట్లో ఊడ్చే ఆవిడా టికెట్ల ఆవిడా కలిసి ఎత్తేవాళ్లు. ఒకసారి ఇద్దరి చేతుల్లోంచీ జారిపోయింది. ఆ తడి గచ్చు మీద పడిన మనిషిని లేపడం ఆడవాళ్ల వల్ల కాక, వెళ్లి టీ కొట్టతన్ని పిలుచుకొచ్చారు.

"అప్పటికింకా బట్టలు సర్దుకోనే లేదే," అంది అక్క. "ఆ సాయంత్రం అతనే మళ్లీ కౌంటర్ దగ్గరకొచ్చి టీ ఇచ్చాడు. తల ఎత్తలేకపోయాను. మర్నాటి నుంచి నీళ్లు మానేశాను, అంతే."

అంతేనట! ఎండిపోయి, జ్వరం లోపలే రగిలి, రెండు కిడ్నీలకీ చీము పట్టి మైకు ముందు కూలిపోయిన మనిషి అంటున్న మాట అది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నాకు ఎప్పుడూ అలాగే వస్తాయి, విడివిడిగా రావు.

డాక్టరమ్మ ఒక కుర్చీ రాసిచ్చింది. అది చక్రాల కుర్చీయే, కానీ సీటు మధ్యలో మూత ఉంటుంది. మూత తీసేసి కుర్చీని వెనక్కి తోసుకుంటూ నేరుగా కమోడ్ మీదికి పోనివ్వొచ్చు. ఎక్కే పని లేదు, దిగే పని లేదు, ఎవరూ ఎత్తక్కర్లేదు.

"అంటే రివర్సు పార్కింగే కదండీ," అన్నాను. అక్క నవ్వింది. ఆ రోజు మొత్తంలో అదొక్కటే నవ్వు.

డాక్టరమ్మ నవ్వలేదు. "మళ్లీ ఇలా పడిపోతే కిడ్నీలకి నేను హామీ ఇవ్వలేనండీ. నీళ్లు తాగాలి. అలా కుదరదంటే ఉద్యోగం మానెయ్యాలి."

"ఉద్యోగం మాననండీ," అంది అక్క వెంటనే. "ఎక్కడికెళ్లినా ముందు నా కుర్చీని చూస్తారు. 'అయ్యో పాపం' అని అప్పుడు నన్ను చూస్తారు. ఆ గదిలో మైకు ముందు కూర్చుంటే నేను ఉత్త గొంతునండీ. జనం నా మాట విని బస్సెక్కుతారు. అది మాత్రం మానను."

అదీ సంగతి. ఆ కుర్చీ వస్తే అక్కకి నీళ్లూ ఉద్యోగమూ రెండూ ఉంటాయి. రాకపోతే ఏదో ఒకటి పోతుంది. ఏది పోనిస్తుందో మాకు తెలుసు. అదే మా భయం.

కుర్చీ ధర విని, సరిగ్గా వినలేదేమోనని బావ మళ్లీ అడిగాడు. సరిగ్గానే విన్నాడు. అయినా మేం బెంగపడలేదు. అక్క జీతంలోంచి ఇన్సూరెన్స్‌కి నెలనెలా కోత పడుతూనే ఉంది. డాక్టరు రాసిచ్చింది. మనిషికి అవసరం ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాం. ఎంత అమాయకత్వం!

వైద్య పరికరాల కొట్లో బిల్లులు చూసే పెద్దాయనకి నేను కోడుగారని పేరు పెట్టాను. ఇన్సూరెన్స్ వాళ్లకి పంపే ప్రతి వస్తువుకీ ఒక నంబరు ఉంటుంది. దాన్నే కోడు అంటారు. ఆయనకి మనుషులు ఆనరు, కోడ్‌లే ఆనుతాయి. కర్ర పొడుచుకుంటూ ఎవరైనా లోపలికి వస్తే, "ఓ, రెండొందల నాలుగా, రండి రండి," అంటాడు. ఆయనే మా కాగితాలు పంపించాడు. జవాబు వచ్చింది. తిరస్కరించారు. కారణం రాసే చోట 'స్నానాల గది సౌకర్య వస్తువు' అని ఉంది.

సౌకర్యం! ఆ మాట చదివాక నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడే కొట్టులో నిలబడి ఫోన్ చేశాను. అటునుంచి ఒక అమ్మాయి, పాపం చాలా మర్యాదస్తురాలు, "మేడమ్, టవల్ రాడ్లు, షవర్ కర్టెన్లు, అద్దాలు ఇవన్నీ ఆ వర్గంలోకే వస్తాయండీ," అంది.

"మా అక్క ఉచ్చకెళ్లడం షవర్ కర్టెనా?"

"మేడమ్, దయచేసి పద్ధతిగా మాట్లాడండి. విసర్జన అవసరాలు అనాలండీ."

నోట మాట రాలేదు. నాకు నోట మాట రాకపోవడం అదే మొదటిసారని కావాలంటే బావ సాక్ష్యం చెప్తాడు. వాళ్ల దగ్గర ఆ పనికి పద్ధతైన పేరు ఉంది. ఆ పని చేసుకోవడానికి కుర్చీ మాత్రం లేదు.

కోడుగారు కళ్లజోడు సవరించుకుని, చిన్న పిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. "చూడమ్మా, వాళ్ల దగ్గర రెండు ఖాతాలు. తిరిగే కుర్చీ, గది కుర్చీ. తిరిగే కుర్చీ ఎవరికి? బయటికెళ్లేవాళ్లకి. బయటికెళ్లగలిగిన మనిషి బాత్రూమ్‌కీ వెళ్లగలదు కాబట్టి మూతున్న సీటు అక్కర్లేదు. మూతున్న సీటు ఎవరికి? గది దాటలేనివాళ్లకి. గది దాటని మనిషి ఊళ్లో తిరగదు కాబట్టి పెద్ద చక్రాలక్కర్లేదు."

"మా అక్కకి రెండూ కావాలి కదండీ. బయటికీ వెళ్తుంది, బాత్రూమ్‌కీ వెళ్తుంది."

"అలాంటి మనిషి లేదమ్మా."

"లేదేంటండీ! బయట కార్లో కూర్చునుంది, చూడండి!"

ఆయన చూడనైనా చూడలేదు. "కోడు లేదంటున్నాను," అన్నాడు.

ఎదురుగా గోడకి ఊతకర్రలు వేలాడుతున్నాయి. ఒకటి తీసి ఆయన బల్ల మీద కొడదామా అనిపించింది. ఆయన మాత్రం మాకు మేలు చేద్దామనే చూశాడు. గది కుర్చీ ఖాతాలోనే పెద్ద రకం ఒకటి ఉందట. 'గదిలో అటూ ఇటూ తిప్పుటకు' అని రాసి ఉంటుందట. డాక్టరమ్మ రాసిన కుర్చీని అందులో ఇమిడ్చెయ్యొచ్చట.

"అయితే మీ అక్కగారు గది దాటని మనిషి కావాలి," అన్నాడు గొంతు తగ్గించి. "పరిశీలనకి ఒకావిడ వస్తుంది. జీతంలో కోతలు చూసేది వేరే ఆఫీసు, ఉద్యోగం సంగతి ఆవిడకి తెలీదు. మనిషి మంచం మీదే ఉండాలి. పాత కుర్చీ ఇంట్లో ఎక్కడా కనపడకూడదు. కనపడిందా, ఫైలు మూసేస్తారు. నేను ఇలా ఎంతమందికి ఇప్పించానో మీకు తెలీదు."

ఇంటికి వచ్చి చెబితే అక్క ససేమిరా అంది. "నేను తప్పు చెప్తే జనం తప్పు బస్సెక్కుతారు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇప్పుడు నా ఇంట్లో, నా మంచం మీద పడుకుని చెప్పమంటారా?"

"ఇక్కడెవరూ బస్సెక్కరే అక్కా. నువ్వు కుర్చీ ఎక్కుతావు," అన్నాను.

బావ వాదించలేదు. "రోజూ సీసా నింపి పంపాను," అన్నాడు. "కడిగి, మూత గట్టిగా బిగించి, కారకుండా చూసుకుని మరీ పంపాను. మొక్కలకి పంపానా?" అని మొహం తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. బావ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. అక్క కూడా చూడలేదనుకుంటాను. అక్క తన చేతుల వైపు చూసుకుని, "సరే, రమ్మనండి," అంది.

పరిశీలన రోజు పొద్దున్నే బావ కుర్చీని పక్కింట్లో పెట్టి వచ్చాడు. అక్కది మధ్యాహ్నం డ్యూటీ. ఆవిడ వచ్చి వెళ్లిపోతే కుర్చీ తెచ్చుకుని తయారవ్వచ్చని లెక్క వేసుకున్నాం. అక్కని మంచం మీద పడుకోబెట్టి నడుము దాకా దుప్పటి కప్పాను. మందుల సీసాలన్నీ తెచ్చి పక్కన బల్ల మీద వరసగా పెట్టాను. బావ ఒక టానిక్ సీసా కూడా తెచ్చి పెట్టాడు. అది నాదే, జుట్టు రాలకుండా తాగేది. తీసేయించాను.

డాక్టరమ్మ చెప్పినట్టు నీళ్లు మాత్రం మానలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక నేను పహరా కాసి తాగిస్తున్నాను. ఆ పొద్దున కూడా గ్లాసు మీద గ్లాసు ఇచ్చాను. పరిశీలనావిడ చెప్పిన వేళకి రాలేదు. ఎదురుచూస్తూ ఇంకో గ్లాసు.

"వెళ్లాలే," అంది అక్క.

"కుర్చీ తెస్తానుండు," అని బావ చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. సరిగ్గా అప్పుడే గంట మోగింది.

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మంచం మీంచి బాత్రూమ్ దాకా మోసుకెళ్లే నడుము బావకి లేదు. కుర్చీ పక్కనుంటేనే ఎత్తగలడు. "పర్లేదు, ఆగుతాను. ఎంతసేపులే," అంది అక్క.

వచ్చినావిడ నేను ఊహించుకున్న రాక్షసిలా లేదు. అలిసిపోయిన మొహం, అరిగిపోయిన చెప్పులు, అట్టకి క్లిప్పు పెట్టిన కాగితాలు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, లోపలికి వచ్చి అక్కకి నమస్కారం పెట్టింది. మొదలుపెట్టింది.

"సొంతంగా లేవగలరా అండీ?"

"లేదండీ."

ఆవిడ తల ఎత్తింది. "మీ గొంతెక్కడో విన్నట్టుందండీ."

అక్క గొంతుని బొంగురు చేసి, "జలుబండీ," అంది.

"గది దాటి ఎప్పుడైనా వెళ్తారా?"

అక్క నా వైపు చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ తలుచుకోలేను. "లేదండీ," అంది.

"పగలంతా ఏం చేస్తుంటారు?"

"పడుకునుంటానండీ."

"విసర్జన అవసరాలు ఎలా తీర్చుకుంటారు?"

"నేను ఎత్తుతానండీ," అన్నాడు బావ.

"ఎక్కడికి?"

బాత్రూమ్‌కి అంటే గది దాటినట్టు. గదిలోనే అంటే, ఇంత చిన్న గదిలో ఎక్కడ అని అడుగుతుంది. బావ నీళ్లు నమిలాడు. ఆవిడే జాలిపడి, "సరేలెండి, సాయంతో అని రాస్తాను," అంది. తర్వాత టేపు తీసి గుమ్మం కొలిచింది. కిటికీ కొలిచింది. మంచం ఎత్తు ఎందుకు కొలిచిందో నాకు ఇప్పటికీ తెలియదు. అన్నీ నెమ్మదిగా, గుండ్రటి అక్షరాలతో రాసుకుంటోంది.

అక్క నుదుటి మీద చెమట పట్టింది. దుప్పటి అంచుని రెండు చేతులతో పిడికిట బిగించి పట్టుకుంది. నాకు అర్థమైంది. "మేడమ్, కాసేపు హాల్లో కూర్చుంటారా? టీ ఇస్తాను," అన్నాను.

"వద్దమ్మా. పేషెంటుని ఎదురుగా చూస్తూనే పూర్తిచెయ్యాలి. రూలు."

ఇంకో కాగితం తిప్పింది. అక్కకి ఊపిరి బరువైంది. ఇక ఆగలేక, "ఏమండీ, కుర్చీ..." అంది బావతో. అని నాలుక కరుచుకుంది.

"ఏ కుర్చీ అండీ?" అంది ఆవిడ.

బావ పరిగెత్తుకెళ్లి వంటింట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొచ్చాడు. "మీ కోసమేనండీ. ఇందాకట్నుంచీ నిలబడే ఉన్నారు," అన్నాడు.

"అయ్యో, థాంక్సండీ. కాళ్లు లాగేస్తున్నాయి," అని ఆవిడ హాయిగా కూర్చుంది.

ఆ తర్వాత జరిగింది జరిగిపోయింది. ముందు చప్పుడు వినిపించింది. మంచం పట్టీ మీంచి గచ్చు మీద చుక్కలు చుక్కలుగా పడుతున్న చప్పుడు. కిందకి చూశాను. నీళ్లు నేల మీద సాగి ఆవిడ కుర్చీ కాలు దాకా వచ్చాయి. అక్క కళ్లు గట్టిగా మూసుకుంది. పెళ్లైన కొత్తలో తడి తల కూడా ఎవరికీ చూపించని మనిషి మా అక్క. గుడ్డ తేవాలని తెలుసు, కాలు కదలడం లేదు.

ఆవిడ పాదాలు పక్కకి జరుపుకుంది. చీదరించుకోలేదు. అక్క వైపు చూసి, కాగితం మీద వరసగా మూడు గడుల్లో టిక్కులు పెట్టింది.

"ఇక చాలండీ. ఇంకేం అడగను," అంది మెత్తగా. "నేను కళ్లారా చూశాను కాబట్టి ఎవరూ కాదనరు. శాంక్షన్ అయిపోతుంది. ఒకందుకు మంచిదే అయింది."

మంచిదే అయింది! డాక్టరు చీటీ చాలలేదు, ఎండిపోయిన కిడ్నీలు చాలలేదు. మా అక్క పరాయి మనిషి ఎదుట మంచం తడుపుకోవడం చాలింది. అంతకన్నా నన్ను అదరగొట్టింది ఇంకొకటి. ఆ మాట వినగానే నా లోపల ఏదో తేలికపడింది. అమ్మయ్య, వచ్చేసింది అనుకున్నాను. బావ రెండు చేతులూ జోడించి, "నిజంగా అయిపోతుందా అండీ?" అంటున్నాడు, నవ్వుతూ కళ్లు తుడుచుకుంటూ. ఆ క్షణంలో మా ఇద్దరికీ అక్క కనపడలేదు. కోడే కనపడింది.

"మేడమ్. దయచేసి ఒక్క నిమిషం ఆగండి."

అది మంచం మీంచి వచ్చిన గొంతని నమ్మడానికి నాకే కాస్త సమయం పట్టింది. జలుబు లేదు, బొంగురు లేదు. బస్ స్టేషన్ గొంతు. లేవబోతున్న ఆవిడ అలాగే ఆగిపోయింది.

"నేను గది దాటుతాను," అంది అక్క. "రోజూ దాటుతాను. ఈ మధ్యాహ్నం కూడా డ్యూటీ ఉంది. నా కుర్చీ పక్కింట్లో ఉంది. అది ఇక్కడుంటే ఇందాకే వెళ్లొచ్చేదాన్ని. మీకు కనపడకూడదని దాచాం. దాచాం కాబట్టి పోసుకున్నాను. మీరు ఇప్పుడు చూసింది నా జబ్బు కాదండీ. మీ రూలు."

ఆవిడ మళ్లీ కుర్చీలో కూర్చుంది. "మీరు... బస్ స్టేషన్‌లో..."

"నేనే."

"రోజూ మీరు చెప్తేనే బస్సెక్కుతానండీ నేను," అంది ఆవిడ చిన్నగా. "రికార్డింగ్ అనుకున్నాను."

నేను అప్పటికి గుడ్డ తెచ్చి మంచం దగ్గరకి వెళ్లాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"నేనేం విన్లేదనుకోండి. రాసింది రాసినట్టే ఉంచుతాను. కుర్చీ వచ్చేస్తుంది మీకు."

"అలాగేనండీ, చాలా థాంక్సండీ," అన్నాడు బావ, అక్క నోరు తెరవకముందే.

"వచ్చాక?" అంది అక్క. "రేపు మీవాళ్లెవరైనా నన్ను మైకు దగ్గర చూస్తే?"

ఆవిడ తల దించుకుంది. "తప్పుడు సమాచారం కింద వెనక్కి తీసేసుకుంటారండీ."

"అంటే కుర్చీ ఉండాలంటే నేను గదిలోనే ఉండాలి. ఉద్యోగానికెళ్లడానికే కదండీ నాకా కుర్చీ?"

బావ చేతులు కిందికి వాలిపోయాయి. నాకు అప్పటిదాకా ఆ సంగతి తట్టనే లేదు. కోడుగారు ఎంతమందికో ఇప్పించానన్నాడే, వాళ్లంతా ఏ గదుల్లో ఉన్నారో అనిపించింది.

"అక్కా, ముందు బట్టలు మార్చుకుందువు గానీ, రా," అన్నాను.

"తర్వాత మార్చుకుంటాను. ముందు ఆవిణ్ని రాయనీ." అక్క మోచేతుల మీద లేచి, గోడకి ఆనుకుని కూర్చుంది, ఆ తడిలోనే. "రాసుకోండి మేడమ్. ఈ మనిషి రోజూ ఉద్యోగానికి వెళ్తుంది. ఈ మనిషే ఉచ్చకి కూడా వెళ్తుంది. ఇద్దరు కాదు, ఒక్కతే. రెండూ చేసుకోవడానికి ఒకే కుర్చీ కావాలి."

ఆవిడ కాగితం పైనుంచి కిందదాకా చూసింది. తిప్పి వెనక వైపు చూసింది. నిజంగానే వెతికింది, అది మాత్రం చెప్పాలి.

"రెండింటికీ కలిపి గడి లేదండీ," అంది.

"గీయండి."

"నేను గీసినా పైవాళ్లు కొట్టేస్తారండీ."

"కొట్టెయ్యాలంటే ముందు చదవాలి కదండీ," అంది అక్క.

ఆవిడ పెన్ను తీసుకుంది. ఇందాక పెట్టిన టిక్కుల్ని ఒక్కొక్కటిగా కొట్టేసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఇంట్లో స్కేలుందా అమ్మా?" అని అడిగింది.